హెచ్ఐవి ఉందని నిలబడి చెప్పిన ఆదివారం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ నా వందనాలు. నా పేరు దీవెనమ్మ. మాది పులివెందులకూ లింగాలకూ మధ్యన ఉండే చిన్న ఊరు. చీనీ తోటల్లో బత్తాయి కాయలు కోసి, అరటి తోటల్లో గెలలు మోసి బతికేదాన్ని. పెద్ద చదువు లేదు, మైకు పట్టుకుని మాట్లాడటం నాకు అలవాటు లేదు, అయినా మీ జమ్మలమడుగు సంఘం నన్ను పిలిచి ఇక్కడ నిలబెట్టింది గనుక మొదటే ఒక మాట చెప్పేస్తాను, ఎందుకంటే సాక్ష్యం అనగానే జబ్బు మాయమైపోయిందని చెబుతానని మీరు ఎదురు చూస్తుంటారు. నాకు హెచ్ఐవి ఉంది. నిన్న ఉంది, ఇవాళ కూడా ఉంది. అయినా దేవుడు నన్ను విడిపించాడు! దేని నుంచి విడిపించాడో చెప్పడానికే ప్రయాణం చేసి వచ్చాను. దేవునికే మహిమ!

నా భర్త పేరు జయరాజు. బోరు బండి మీద పనిచేసేవాడు. మా వైపు నీళ్లు ఎంత లోతున ఉంటాయో మీకు తెలుసు, బోర్లు వేసే బళ్లకు ఎప్పుడూ పనే, మా దగ్గర పని అయిపోతే కర్ణాటకకు, ఇంకా పైకి, నెలల తరబడి బండితోనే పోయేవాడు. ఇంటికి వచ్చినప్పుడు చొక్కా నిండా రాతి దుమ్ము, చేతుల నిండా గ్రీజు, అయినా మొదట మా పాప ప్రశాంతిని ఎత్తుకునేవాడు. ఒకసారి వచ్చినవాడు దగ్గుతో వచ్చాడు, ఆ దగ్గు తగ్గలేదు, జ్వరం తగ్గలేదు, మనిషి కరిగిపోతున్నాడు. పులివెందులలో పరీక్ష చేసి టీబీ అన్నారు, ఇంకొక పరీక్ష చేసి ఇది కూడా ఉంది అన్నారు. ఆయన నా కాళ్ల దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పుకుని ఏడ్చాడు. ఆ మాటలు మా ఇద్దరికీ దేవునికీ మధ్యనే ఉండనివ్వండి. నేను క్షమించాను, అంతవరకే మీకు చెబుతాను. ఆయన తిరిగి కోలుకోలేదు.

ఆయన పోయాక నాకూ పాపకూ పరీక్ష చేశారు. నాకు ఉంది. పాపకు లేదు! ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, సహోదరులారా, నేను ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు.

ఊళ్లో మాత్రం ఆయాసంతో పోయాడని చెప్పాను. ప్రతి నెలా ప్రొద్దుటూరులో హెచ్ఐవి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి పోయి మాత్రలు తెచ్చుకునేదాన్ని, ఎవరైనా ఎక్కడికంటే మా అక్కను చూసి వస్తాననేదాన్ని. ఆ మాత్రలు మెంతుల డబ్బాలో అడుగున పెట్టి పైన మెంతులు పోసేదాన్ని. నెలకో అబద్ధం! చిన్నప్పటి నుంచి మందిరంలో పాటలు పాడినదాన్ని, దేవుని బిడ్డనని చెప్పుకునేదాన్ని, నెలకో అబద్ధం చెబుతూ రెండేళ్లు గడిపాను. మాత్రలు నన్ను బతికించాయి గానీ భయం నన్ను లోపల లోపల తినేసింది.

మా సంఘం రేకుల మందిరం, నలభై కుటుంబాలు. అక్కడ నాకొక పని ఉండేది. నెల మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజనానికి, బల్ల మీద పెట్టే రొట్టె నేనే చేసేదాన్ని. పెళ్లై ఆ ఊరికి వచ్చినప్పటి నుంచీ అది నా పనే. శనివారం సాయంత్రం తలస్నానం చేసి, పిండి జల్లించి, పులియకుండా కలిపి, పెనం మీద సన్నటి మంటకు కాల్చి, తెల్లటి గుడ్డలో చుట్టి పెట్టేదాన్ని. నా బతుకులో నన్ను చూసి ఎవరైనా గౌరవించారంటే ఆ గుడ్డమూట చేతిలో పట్టుకుని మందిరం లోపలికి నడిచే ఆ పది అడుగుల్లోనే.

ఒకసారి ప్రొద్దుటూరులో మందుల కోసం వరుసలో నిలబడి ఉండగా మా సంఘపు సహోదరి ఒకామె నన్ను చూసింది. వాళ్లమ్మకు కంటి ఆపరేషన్ కోసం వచ్చిందట. ఆమె పేరు చెప్పను, ఆమె మీద నాకు కోపం లేదు. కానీ ఆమె ఊరికి నాకంటే ముందు చేరింది. ఆ శనివారం మధ్యాహ్నం మా సంఘ పెద్ద సామేలు మామ మా వాకిటికి వచ్చాడు. లోపలికి రాలేదు.

"మే దీవెనా, ఈ నెల రొట్టె ఎస్తేరు చేస్తాదంట. నువ్వు కష్టపడొద్దులే" అన్నాడు.

"నాకేం కష్టం మామా? పిండి గూడా జల్లించి పెట్టినా" అన్నాను.

"ఆ పిండి నువ్వు వాడుకోమ్మా" అని, చెప్పులైనా విడవకుండా వెనక్కి తిరిగి పోయాడు.

నాకు అర్థమైంది. అయినా మర్నాడు పాపను తీసుకుని మందిరానికి పోయాను. మా దగ్గర ద్రాక్షారసం చిన్న చిన్న స్టీలు గ్లాసుల్లో ఇస్తారు. అందరికీ స్టీలు గ్లాసే వచ్చింది. నా వంతు వచ్చేసరికి పళ్లెంలో ఒక పక్కన ప్లాస్టిక్ గ్లాసు పెట్టి ఉంది, టీ కొట్లో తాగి పారేస్తామే, అది. పాస్టరుగారు నా ముఖం చూడలేదు. నేను తీసుకుని తాగాను సహోదరులారా, ప్రభువు రక్తాన్ని గుర్తు చేసుకుంటూ తాగాల్సిన ఆ గుటకలో నాకు ఆ గ్లాసే కనిపించింది! ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

నన్ను దూరం పెడితే ఓర్చుకునేదాన్నేమో. రెండు వారాల తర్వాత సండే స్కూలు నుంచి ప్రశాంతి వచ్చి గడపలో కూర్చుని, "అమ్మా, నా పక్కన ఎవురూ కూచోడంల్యా. నేనేం చేసినా?" అని అడిగింది. ఆ పిల్లకు ఆ జబ్బే లేదు!

ఆ రోజుల్లోనే దగ్గర్లో మూడు రోజుల ఉజ్జీవ కూడికలు జరిగాయి. దూరం నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు, ఆయన ఎవరో ఏ సంఘమో చెప్పను, వేదిక మీద నిలబడి, విశ్వాసం ఉన్నవాళ్లు మందులు తెచ్చి ఈ పెట్టెలో వెయ్యండి, మందు మింగితే దేవుణ్ణి నమ్మనట్టే అని గట్టిగా చెప్పాడు. జనం ఏడుస్తున్నారు, పాటలు మోగుతున్నాయి. నేను రెండో రోజు నా మాత్రల డబ్బా తీసుకుపోయి ఆ పెట్టెలో వేశాను. ఎందుకు వేశానో నిజం చెబుతాను. బతకాలని కాదు. నేను శుద్ధురాలినైపోతే నన్ను మళ్లీ అందరిలాగే ఆ బల్ల దగ్గరికి రానిస్తారని, నా బిడ్డ పక్కన పిల్లలు కూర్చుంటారని! అంత ఆశతో వేశాను.

మొదటి నెల ఏమీ కాలేదు. మా మందిరంలో నిలబడి దేవుడు నన్ను బాగుచేశాడని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. కానీ ఆ నెల బల్ల దగ్గర నాకు వచ్చింది ప్లాస్టిక్ గ్లాసే. చప్పట్లు కొట్టిన చేతులే దాన్ని అందించాయి.

రెండో నెల జ్వరం మొదలైంది. మూడో నెలకు నోటి నిండా పుండ్లు, అన్నం మెతుకు తగిలితే మంట. విరేచనాలు ఆగలేదు. నాలుగో నెలలో ఒక రోజు చీనీ తోటలో గంప ఎత్తబోయి అక్కడే పడిపోయాను, తోట యజమాని ఆటోలో ఎక్కించి ఇంటి ముందు దింపించాడు. ఆ తర్వాత మంచం దిగలేదు. ప్రశాంతి బడి మానేసి, తనకు చేతనైనట్టు గంజి కాచేది. మా సంఘం వాళ్లు రాలేదా అంటే వచ్చారు. వాకిలి బయట, దారిలో నిలబడి, నా కోసం ప్రార్థన చేసి పోయారు. వాళ్ల గొంతులు నాకు వినిపించేవి. వాళ్ల ముఖాలు మాత్రం నేను చూడలేదు.

అలాంటి ఒక ఉదయం సుందరమ్మవ్వ వచ్చింది. ఆమెది మా సంఘమే. డెబ్బై దాటిన మనిషి, వేంపల్లె బస్సులు ఆగే చోట ఉడకబెట్టిన శనక్కాయలు అమ్ముకునేది, ఎవరికీ భయపడని నోరు. కొడుకు దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చిందట, రాగానే నా సంగతి విని నేరుగా తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది.

"ఏందే ఇది! ఇల్లంతా కంపు కొడ్తాంది. లెయ్యే పాపా. వాకిట్లో నిలబడి ప్రార్థన చేస్తే దేవునికి ఇనపడ్తాది గానీ, నీకు నీళ్లెవురు తాపుతారు?" అంది.

"అవ్వా, నన్ను ముట్టుకోవద్దు. నాకు ఆ జబ్బు ఉండాది" అన్నాను.

"తెలుసులే మే. ఊరంతా తెలుసు. నా మొగునికి కుష్టు వచ్చినప్పుడు ఆయన పుండ్లు కడిగింది నేనే, ఆయన గుడ్డలు ఉతికింది నేనే. ఊరోళ్లు మమ్మల్ని బాయికాడికి గూడా రానీలేదు. అప్పుడొక మిషను నర్సమ్మ మా గుడిసెలోకి వచ్చి, మా తట్టలో మాతో పాటు సంగటి తినింది. ఆ పొద్దు నమ్మినా నేను యేసయ్యను. చదువుకొని కాదు, ప్రసంగాలు ఇని కాదు. ఆయమ్మ తిన్నందుకు నమ్మినా. నువ్వు లెయ్."

ఆ మాటంటూనే నన్ను లేపి కూర్చోబెట్టింది. నీళ్లు కాచి నాకు స్నానం చేయించింది. నాలుగు నెలలుగా నా కూతురు తప్ప మనిషి చెయ్యి తగలని నా వీపు మీద ఆ ముసలి చెయ్యి పడగానే నేను గట్టిగా ఏడ్చేశాను సహోదరీలారా! ప్రభువు కుష్ఠరోగిని ముట్టుకున్నాడని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, బాగుచేయడానికి ఆయన మాట చాలు కదా, మరి ఎందుకు ముట్టుకున్నాడో నాకు ఆ రోజే తెలిసింది.

మర్నాడు ఉదయమే షేర్ ఆటోలో పులివెందులకు, అక్కడ నుంచి బస్సులో ప్రొద్దుటూరుకు అవ్వ నన్ను తీసుకుపోయింది. పాపను కూడా వెంట తెచ్చుకున్నాం. బస్సులో నేను కూర్చోలేక అవ్వ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. అక్కడ కౌన్సెలర్ షాహీనా మేడమ్ ఉంది, రెండేళ్లుగా నాకు మందుల గురించి చెప్పే మనిషి. నన్ను చూసి మొదట గుర్తుపట్టలేదు.

"దీవెనక్కా? మాత్రలు ఆపి ఎన్నాళ్లైంది?" అని అడిగింది.

"నాలుగు నెల్లు" అన్నాను. ఎందుకు ఆపానో కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు.

"అక్కా, మా ఇంట్లో ఐదు పూటలా నమాజు చేస్తాం. మా అమ్మకు షుగరు ఉంది. నమాజు చేసుకొని లేచి ఇన్సులిన్ వేసుకుంటాది. మందు వేసుకుంటే అల్లా మీద నమ్మకం తగ్గిందని మా అమ్మను ఇంతవరకూ ఎవురూ అనలేదు. మీ దేవుడు మాత్రం మిమ్మల్ని మందులు పారేయమంటాడా?" అంది.

"ఇన్నావా!" అని అవ్వ నా భుజం మీద ఒకటి వేసింది.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పరీక్షల్లో నాకూ టీబీ పట్టుకుందని తేలింది. టీబీ మందు ముందు మొదలుపెట్టారు, కొన్నాళ్లకు హెచ్ఐవి మాత్రలూ మళ్లీ మొదలుపెట్టారు. ఆ వార్డులో, కిటికీ పక్క మంచం మీద, నా జీవితంలో మొదటిసారి నిజమైన ప్రార్థన చేశాను. అంతకు ముందు చేసినవన్నీ బాగుచెయ్యి, బాగుచెయ్యి అని చేసిన ప్రార్థనలే. ఆ రోజు నేను ఇట్లా అడిగాను:

"తండ్రీ, నన్ను బాగుచేస్తావో లేదో నీ ఇష్టం. నేను ఇంక బేరం ఆడను. ఈ మాత్ర కూడా నీ చేతి నుంచే వచ్చిందని ఒప్పుకుంటున్నాను, దీన్ని పారేసి నిన్ను పరీక్షించాను, క్షమించు. నేను చచ్చిపోతానని భయపడలేదు ప్రభువా, తెలిసిపోతుందని భయపడ్డాను. ఆ భయం తీసెయ్యి. నన్ను మంచం మీద నుంచి లేపితే నేను దాచుకోను. నా బిడ్డ తల ఎత్తుకుని తిరిగేదాకా నేను నోరు మూసుకోను. నాకు బలం ఇవ్వు."

సహోదరులారా, ఆ ప్రార్థన అయ్యాక నా జ్వరం తగ్గలేదు. వెలుగు కనిపించలేదు. కానీ నా గుండెలో ముడి విడిపోయింది! రెండేళ్లుగా మోసిన బరువు దిగిపోయింది. అదీ నా విడుదల. దేవునికే మహిమ!

ఆ ప్రార్థన చేసిన నాలుగో రోజు మా ఆశీర్వాదం పాస్టరుగారు వార్డుకు వచ్చారు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

"అమ్మా, ఆ ప్లాస్టిక్ గ్లాసు ఎవురు కొన్నారో నీకు తెలుసా?" అని అడిగారు.

"పెద్దలు కొనుంటారు అయ్యగారూ."

"లేదమ్మా. నేనే కొన్నా. పెద్దలు అడిగినారు, సంఘం చీలిపోతాదని భయపడి నేనే అంగడికి పోయి తెచ్చినా. నీకు వాక్యం చెప్పాల్సిన వాణ్ణి నీకు ఆ గ్లాసు ఇచ్చినా" అని ఏడ్చారు.

నాకు వెంటనే పోనీలే అనాలనిపించలేదు. కాసేపు కిటికీ వైపు తిరిగి పడుకున్నాను. ఆ తర్వాత అన్నాను: "అయ్యగారూ, ఈ మాట ఈడ నా ఒక్కదానికి చెప్తే చాలదు. సంఘంలో చెప్పండి. నాది గూడా నేనే నిలబడి చెప్తా." ఆయన సరేనమ్మా అన్నారు.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక, రెండు నెలలకు నా కాళ్ల మీద నేను నడిచాను. ఆ రెండు నెలలూ అవ్వ మా ఇంట్లోనే ఉంది. ఒక ఆదివారం, పాటలు అయ్యాక, పాస్టరుగారు నన్ను పిలిచారు. ప్రశాంతి ముందు వరుసలో అవ్వ పక్కన కూర్చుని నన్నే చూస్తోంది. నేను చెప్పాను: "నాకు హెచ్ఐవి ఉండాది. మీకందరికీ తెలుసు గానీ నా నోటితో మీరు ఇనలేదు. బాగైపోయిందని ఈ మందిరంలోనే అబద్ధం చెప్పినా, దానికి క్షమించండి. నేను రోజూ మాత్ర మింగుతాండా, బతికున్నన్నాళ్లు మింగుతా. నన్ను ముట్టుకుంటే మీకు రాదు. నా బిడ్డకు ఈ జబ్బు లేదు, ఆ పిల్లను దూరం పెట్టొద్దండి. నేను ఈ సంఘం వదిలిపెట్టి యాడికీ పోను."

పాస్టరుగారు లేచి నా పక్కన నిలబడి గ్లాసు సంగతి చెప్పి, మోకరించి క్షమాపణ అడిగారు. మందిరంలో కొందరు ఏడ్చారు. రెండు కుటుంబాలు లేచి బయటికి పోయాయి. సామేలు మామ కూర్చున్నచోటు నుంచే, "పాస్టరుగారూ, క్షమాపణలు సరే. మరి మా పిల్లోళ్ల గతేంది? రాదని ఎవురు చెప్పినారు?" అని గట్టిగా అడిగాడు. అడగవలసిన ప్రశ్నే అది. అడగకుండా గుసగుసలాడటం కంటే వెయ్యి రెట్లు మేలు!

పాస్టరుగారు ఆ ప్రశ్నను వదల్లేదు. షాహీనా మేడమ్‌ను మా మందిరానికి పిలిచారు. ముస్లిం ఆమె వచ్చి మన మందిరంలో మాట్లాడేదేంది అని కొందరు అంటే, సుందరమ్మవ్వ, "మనోళ్లలో చెప్పేవాళ్లు ఎవురన్నా ఉంటే లెయ్యండప్పా, ఇంటాం" అంది. ఎవరూ లేవలేదు. ఒక సెలవు రోజు ఆమె వచ్చింది, ఆరాధన అయ్యాక కూర్చుని జనం ఏది అడిగితే దానికి జవాబు చెప్పింది. దోమ కుడితే వస్తుందా? ఒకే పలక మీద రాస్తే? ఒకే చెంబుతో నీళ్లు తాగితే? ఎట్లా వస్తుందో, ఎట్లా రాదో, గర్భిణికి ముందే పరీక్ష చేసి మందులు ఇస్తే బిడ్డను ఎట్లా కాపాడుకోవచ్చో, సిగ్గుపడకుండా, నెమ్మదిగా చెప్పింది. చివరికి సామేలు మామ అడిగాడు, "ఆ పాప చేసిన రొట్టె తింటే?"

"పెద్దాయనా, రొట్టెతో వచ్చేదైతే ముందు ఆమె కూతురికి రావాల గదా? పుట్టినప్పటి నుంచి అమ్మ చేతి బువ్వే తింటాంది. ఆ పిల్లకు మూడు మాట్లు పరీక్ష చేసినాం. లేదు" అంది ఆమె.

అందరూ ప్రశాంతి వైపు చూశారు. నా బిడ్డ తల దించుకోలేదు. ఆ మధ్యాహ్నమే ఎస్తేరు కూతురు లేచి వచ్చి దాని పక్కన కూర్చుంది.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం సామేలు మామ మా ఇంటికి వచ్చాడు. ఈసారి చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చాప మీద కూర్చుని, నీళ్లు అడిగాడు. చెంబుతో ఇస్తే సగం తాగి కింద పెట్టాడు.

"మే దీవెనా, నేను సంఘాన్ని కాపాడతాండా అనుకున్నా. ఇప్పుడు చూసుకుంటే అది వట్టి భయం" అన్నాడు. మిగతా నీళ్లు కూడా తాగేశాడు. ఆ నెల నుంచి రొట్టె ఎస్తేరూ నేనూ కలిసి చేస్తున్నాం. వెళ్లిపోయిన రెండు కుటుంబాలు ఈ రోజుకీ తిరిగి రాలేదు. వాళ్ల కోసం ప్రార్థన చేస్తున్నాం, దారిలో కనిపిస్తే నేనే ముందు వందనాలు చెబుతాను. ఒకామె ఈ మధ్య తిరిగి చెప్పింది.

ఇదంతా నా ఒక్కదాని కోసం జరిగిందని అనుకోవద్దండి. మా సంఘం అక్కడితో ఆగలేదు. మా మందిరంలో పెళ్లి చేయాలంటే ముందు అబ్బాయీ అమ్మాయీ ఇద్దరూ రక్త పరీక్ష చేయించుకోవాలని పెద్దలు తీర్మానం చేశారు, మా పిల్లల మీద నమ్మకం లేదా అని జనం గొడవ చేస్తే, సామేలు మామ మొదట తన మనవరాలినీ ఆమెను చేసుకోబోయే అబ్బాయినీ స్వయంగా పులివెందులకు తీసుకుపోయి చేయించాడు. ఆ తర్వాత నోరెత్తినవాళ్లు లేరు. మందులు మానేయమని చెప్పేవారికి, ఎంత పేరున్న ప్రసంగీకుడైనా సరే, మా మైకు ఇవ్వం. బోరు బళ్ల మీద, లారీల మీద దూరం పోయే మగవాళ్లను బయలుదేరే ముందు పాస్టరుగారే కూర్చోబెట్టుకుని, సిగ్గు పక్కన పెట్టి మాట్లాడతారు. ఇలాంటి మాటలు మందిరంలోనా అని మొదట అందరూ అన్నారు. మందిరంలో కాకపోతే ఇంకెక్కడ? మా జయరాజుతో ఎవరైనా ఒక్కసారి అట్లా మాట్లాడి ఉంటే బాగుండునని నేను ఎన్నిసార్లు అనుకున్నానో!

ఇక నాకు దొరికిన పని వేరే ఉంది. మందులకు పోయేవాళ్లకు తోడు పోవడం. మొదట నేనొక్కదాన్నే, ఆ తర్వాత మా పక్క ఊరి నుంచి ఒకామె, లింగాల నుంచి భార్యాభర్తలు, ఇప్పుడు ఏడుగురం ఒకే బస్సులో పోతాం. అందరూ విశ్వాసులు కారు. మా సంఘం వాళ్లను ఏ మతమని అడగదు, మందిరానికి రండని షరతు పెట్టదు, బస్సు చార్జీ లేనివాళ్లకు చార్జీ ఇస్తుంది, తోడు మనిషిని ఇస్తుంది, అంతే. వాళ్లలో పులివెందులలో గుడ్డల అంగడి ఉన్న ఇంటి కోడలు ఒకామె ఉంది. ఆమె పేరు అడగొద్దండి. చాలా నెలలు ఆమె మాతోనే బస్సు ఎక్కి, ముఖానికి కొంగు కప్పుకుని, మాకు దూరంగా వేరే సీటులో కూర్చునేది. మేము పలకరించలేదు, ఊరికే నవ్వేవాళ్లం. ఒక నెల ఆమె లేచి వచ్చి నా పక్కన కూర్చుని, "అక్కా, నేను ఈ సంగతి మా ఇంట్లో ఎవురికీ చెప్పల్యా. నీకొక్కదానికే చెప్తాండా" అంది. ఆమె చెయ్యి పట్టుకుని ప్రొద్దుటూరు దాకా అట్లాగే కూర్చున్నాను. ఆమె ఏ దేవునికి మొక్కుకుంటుందో నాకు తెలుసు, నా దేవుడు ఆమెను ప్రేమిస్తున్నాడని కూడా నాకు తెలుసు.

నా ఒంటి సంగతి అడుగుతారేమో. టీబీ పూర్తిగా తగ్గింది. పోయిన పరీక్షలో నా రక్తంలో వైరస్ కనిపించనంత తగ్గిపోయిందని డాక్టరుగారు చెప్పారు. పోలేదు, తగ్గింది, మాత్ర ఆపితే మళ్లీ లేస్తుంది, అందుకే ఆపను. మళ్లీ చీనీ కోతకు పోతున్నాను, గంప నేనే ఎత్తుకుంటున్నాను. ప్రశాంతి పదో తరగతికి వచ్చింది. నర్సు చదువుతానంటోంది. దేవునికి స్తోత్రం! నన్ను ముట్టుకున్న సుందరమ్మవ్వ చేతుల కోసం, నాకు ధైర్యం చెప్పిన షాహీనా మేడమ్ కోసం, మోకరించిన నా పాస్టరు కోసం, భయాన్ని ఒప్పుకున్న నా సామేలు మామ కోసం దేవునికి స్తోత్రం!

ఇప్పుడు మీతో ఒక మాట. ఈ మందిరంలో ఇంతమంది ఉన్నారు, మీలో పరీక్ష కాగితాన్ని ఇంట్లో చీరల కింద దాచుకుని వచ్చినవాళ్లు, పరీక్షకు పోవడానికి భయపడి నెలల నుంచి వాయిదా వేస్తున్నవాళ్లు ఒకరైనా ఉంటారని నాకు తెలుసు. చెయ్యి ఎత్తమని నేను అడగను. ముందుకు రమ్మని పిలవను. పెద్దలారా, మిమ్మల్ని మాత్రం అడుగుతున్నాను, ఆ ఒక్కరు రేపు మీ దగ్గరికి వస్తే వాకిలి బయట నిలబడి ప్రార్థన చేయకండి. లోపలికి పోండి. వాళ్ల ఇంట్లో నీళ్లు అడిగి తాగండి. ఆ తర్వాత ప్రార్థన చేయండి, ఆ ప్రార్థన దేవుడు వింటాడు.

ఇక ఆ ఒక్కరికి నేను చెప్పేది ఇది. యేసయ్యను నమ్ము, ఆయన నిన్ను చూసి ముఖం తిప్పుకోడు. మందును కూడా నమ్ము, అదీ ఆయన ఇచ్చిందే. వచ్చే మంగళవారం ఉదయం నేను ప్రొద్దుటూరు బస్టాండులో, మీ జమ్మలమడుగు బస్సు ఆగే చోట నిలబడి ఉంటాను. ఎనిమిదింటికి వస్తాను, తొమ్మిదిన్నర దాకా కదలను. ఆకుపచ్చ చీర కట్టుకుంటాను. నువ్వు నీ పేరు చెప్పనవసరం లేదు, నేను అడగను. మాట్లాడాలనిపించకపోతే మాట్లాడొద్దు. ఊరికే వచ్చి నా పక్కన నిలబడు. మందుల కేంద్రం లోపలికి ఇద్దరం కలిసి పోదాం.